ఉప్పు వెయ్యని రొట్టెకు సాక్షి

మొన్న దబీర్‌పురాలో ఒక పెళ్లికి పోతే చేతిలో మిఠాయి పెట్టారు. పైన వెండి రేకు తళతళ మెరుస్తోంది. నోట్లో వేసుకోబోయి ఆగాను. రేకును గోటితో కాస్త గీకి రెండు వేళ్ల మధ్య రుద్దాను. అది చిన్న ఉండయి కూర్చుంది. ఉండ కట్టిందంటే వెండి కాదు. అసలు వెండి వరఖ్ అయితే రుద్దగానే మాయమైపోతుంది, వేలి మీద బూడిద రంగు మెరుపు ఒక్కటే మిగులుతుంది. ఈ సంగతి నాకు చెప్పిన మనిషి పోయి ఏడాది దాటింది. మిఠాయి పక్కన పెట్టి ఊరికే కూర్చున్నాను. ఏమైంది అత్తమ్మా అని కోడలు అడిగింది. ఇంటికి పోయాక చెప్తాను, నువ్వు రాయి అన్నాను. నాకు సంతకం తప్ప రాత రాదు. ఆమె చదువుకున్న పిల్ల కాబట్టి నా మాటలను కాస్త సాపు చేసి రాస్తుంది. చెయ్యనీ. ఎవరైనా నోటితో అన్న మాటను మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను.

వరఖ్ భాయ్ అనేవాళ్లం. అసలు పేరు ఉండేది, కానీ హుస్సేనీ ఆలంలో మా గల్లీలో ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనే తిరిగి చూసేవాడు కాదు. చిన్న చిన్న వెండి ముక్కలను తోలు పుటల మధ్య పెట్టి, ఆ కట్టను సంచిలో బిగించి, బండ మీద పెట్టి పొద్దుటి నుంచి సుత్తితో కొట్టేవాడు. కొట్టగా కొట్టగా ముక్క గాలికి ఎగిరేంత పలచటి రేకు అయ్యేది. ఆ రేకులు మిఠాయి దుకాణాలకు, పాన్ డబ్బాలకు, హకీముల మందులకు పోయేవి.

రేకును పుటలోంచి తీసి కాగితం మీదికి మార్చేటప్పుడు ఆ గది తలుపు మూసి ఉండాలి. పంకా తిరగకూడదు. గట్టిగా ఊపిరి వదిలినా రేకు లేచిపోయి గోడకు అతుక్కుంటుంది. దానివల్ల ఆయనకు ఒక అలవాటు పడిపోయింది. నవ్వు వచ్చినా, దగ్గు వచ్చినా, ఎవరినైనా తిట్టాలనిపించినా ముందు మొహం పక్కకు తిప్పేవాడు. ఎదురుగా రేకు ఉన్నా లేకున్నా అంతే. కూరగాయల బండి దగ్గర బేరం కుదరకపోతే పక్కకు తిరిగి గోడను తిట్టి, మళ్లీ ఇటు తిరిగి బండివాడితో మెత్తగా మాట్లాడేవాడు. తెలియనివాళ్లు ఆ పక్కన ఇంకెవరున్నారా అని తొంగిచూసేవాళ్లు.

సుత్తి చప్పుడుకు చెవులు సగం పోయాయి. తనకు వినపడదు కాబట్టి లోకానికీ వినపడదనుకుని అరిచి మాట్లాడేవాడు. గడ్డంలో ఎప్పుడూ వెండి పొడి మెరుస్తుండేది. అది వెండా, తెల్లబడ్డ వెంట్రుకా అని అడిగితే, “రెండూ ఉన్నయి చెల్లె. ఒకటి నేను సంపాయించిన, ఒకటి అల్లా ఇచ్చిండు” అనేవాడు.

నా పెనిమిటి బట్టల దుకాణంలో మూటలు మోసేవాడు. ఒకరోజు మోసే మూట దించకముందే కూలిపోయాడు. ఆయన పోయాక నేను గుమ్మం ముందు పొయ్యి పెట్టుకుని సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టాను. మాది పాలమూరు వైపు, రొట్టె తట్టడం నడక కంటే ముందు నేర్చుకుంటాం. మొగుడు పోయిన మనిషి గుమ్మంలో కూర్చుని బేరం పెట్టిందని కొందరు గుసగుసలాడారు. మొదటి రోజు ఎవరూ రాలేదు. వరఖ్ భాయ్ వచ్చి, నిలబడే రొట్టె తిని, ఇలాంటి రొట్టె తన పుట్టుకలో తినలేదని ఆ పెద్ద గొంతుతో చెప్పాడు. రెండు గల్లీల అవతలి దాకా వినపడి ఉంటుంది. మరుసటి రోజు పిండి చాలలేదు.

ఆయన దుకాణం మా ఇంటికి రెండిళ్ల అవతల, ఉర్దూ బడి వెనక గోడకు ఆనుకుని ఉండేది. అక్కడ సుత్తి చప్పుడు, ఇక్కడ నేను రొట్టె తట్టే చప్పుడు. “నువ్వు పిండి కొడ్తవ్, నేను వెండి కొడ్త. నీది కడుపు కోసం, నాది కండ్ల కోసం. పైనున్నోడు ఎవరి కూలి ఎక్కువ కడ్తడో చూద్దాం” అనేవాడు.

ఆయనకూ, ఆయన భార్య మా భాభీకీ ఇద్దరికీ షుగర్ ఉండేది. జీవితమంతా మిఠాయిలకు బట్ట కప్పిన మనిషికి మిఠాయి తినే రాత లేదు. నేను లడ్డూకు కఫన్ కుట్టేటోణ్ణి, శవాన్ని ముట్టుకోను అని తన మీద తానే పరిహాసమాడేవాడు. భాభీ అలా ఉండలేకపోయింది. బజారులో ఒకడు ఏదో గింజల పొడి అమ్మేవాడు. ఇది తాగండి, ఇంక ఏమైనా తినండి అనేవాడు. వాడి పక్కన ఇంకొకడు నిలబడి, నాకు పూర్తిగా తగ్గిపోయింది, ఖసమ్ అని ఒట్టు పెట్టేవాడు. భాభీ ఆ ఒట్టును నమ్మింది. దవాఖాన గోలీలు మానేసింది. ఆ ఏడు చెప్పు కరిచిన పుండు నల్లబడి పైకి పాకింది, కాలు మోకాలి కింద తీసేశారు. తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. పొడి అమ్మినవాణ్ణి భాయ్ ఎప్పుడూ తిట్టలేదు. “అమ్మేటోడు అమ్ముతడు, వాని పొట్ట వానిది. ఆ పక్కన నిలబడి ఖసమ్ తిన్నోడు, వానికి ఏమొచ్చింది?” అనేవాడు. ఆ మాట అన్నప్పుడు మొహం పక్కకు కూడా తిప్పేవాడు కాదు.

డాక్టరమ్మ వచ్చింది ఆ తర్వాతే. ఆమె సూది వేసే డాక్టరు కాదు, తిండి మీద పరిశోధన చేసే డాక్టరు. కాకినాడ వైపు మనిషి. నూలు చీర, కళ్లద్దాలు, భుజాన సంచి. ఒక సాయంత్రం నా పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బేరమాడుతుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది వేరు. ఊళ్లో షుగర్ బాగా పెరుగుతోందట. అన్నం మానేసి జొన్నలు తినమని అందరూ చెప్తారు కానీ, మాటగా చెప్తే చాలదట, రక్తంలో చూడాలట. ఏది తింటే చక్కెర ఎంత లేస్తుంది, ఎంత నిదానంగా లేస్తుంది అని. ఆఫీసు వంటగదిలో చేసిన రొట్టె ఇళ్లలో చేసే రొట్టెలా రావడం లేదట, అందుకని నా చేతి రొట్టెలు కావాలంది. ఫలితం మంచిగా వస్తే పెద్ద దవాఖాన వంటశాలలో షుగర్ రోగులకు రోజూ నా రొట్టెలు తీసుకుంటారని, అక్కడివాళ్లతో మాట్లాడి పెట్టుకున్నానని కూడా చెప్పింది.

నా పొయ్యి వాకిట్లో ఉండేది. వాన వస్తే బేరం లేదు. కొడుకు ఇంకా చదువుకుంటున్నాడు. రోజూ పోయే గిరాకీ ఒకటి దొరికితే నేను ఎవరి గుమ్మం వైపూ చూడక్కర్లేదు. ఆ సంగతి నాకెంత తెలుసో గల్లీకంతా అంతే తెలుసు. భాయ్‌కి ఇంకా ఎక్కువ తెలుసు.

ఆ ఉర్దూ బడికి సెలవున్న రోజుల్లో అక్కడి గదిలో పరీక్ష పెట్టారు. షుగర్ ఉన్నవాళ్లు కొందరు, లేనివాళ్లు కొందరు, పరగడుపున వచ్చి కూర్చోవాలి. ఒకరోజు అన్నం, ఒకరోజు గోధుమ రొట్టె, ఒకరోజు నా జొన్నరొట్టె. పక్కన కూర లేదు, కారం లేదు. తిన్నాక కదలకుండా కూర్చోవాలి, మధ్యమధ్యలో వేలు గుచ్చి రక్తం చుక్క తీసి చూస్తారు. అందరికంటే ముందు చెయ్యి చాపింది వరఖ్ భాయ్. డాక్టరమ్మ ఆయన్ను భాయ్ గారూ అనేది. మేం ఎవరమూ ఆ రెండు ముక్కలను ఒకచోట విని ఉండలేదు, పిల్లలు కొన్నాళ్లు ఆయన వెనక భాయ్ గారూ అని పాడుకుంటూ తిరిగారు.

అన్నం తిన్నరోజు భాయ్ చక్కెర అందరిలాగే లేచింది. నా రొట్టె తిన్నరోజు లేవలేదు. డాక్టరమ్మ మిషన్ చెడిపోయిందనుకుంది. ఇంకో మిషన్ తెచ్చింది. మళ్లీ లేవలేదు. మిగతావాళ్లకు కొంచెం తక్కువగా లేస్తోంది, ఈయనకు మాత్రం పడుకుని ఉంది. ఆమె కళ్లు మెరవడం నేను చూశాను.

“అమ్మా, నిజం చెప్పండి, ఇందులో ఏం కలుపుతున్నారు?” అంది.

“ఏం కల్పుత అమ్మా. పిండి, మరిగిన నీళ్లు. నా రెండు చేతులు.”

నమ్మలేదు. పిండి తీసుకుపోయింది. మేం జొన్నలు కొనే దుకాణానికి పోయి గింజలు తీసుకుపోయింది. బిందెలో నీళ్లు సీసాలో పట్టుకుపోయింది. కట్టెల బూడిద రొట్టెకు అంటుకుంటుందేమో అని అది కూడా పొట్లం కట్టుకుంది. ఇంత చదువుకున్న మనిషి ఇంత వెతుకుతోందంటే నా చేతిలో ఏదో ఉందని నేనే నమ్మాను. గల్లీ నా కంటే ముందే నమ్మింది. పక్కింటి ముసలామె తన మోకాలి మీద ఒకసారి చెయ్యి పెట్టమంది. పెట్టాను కూడా. తగ్గిందనే చెప్పింది, పాపం.

మరి జరిగింది ఏమిటంటే, షుగర్ ఉన్నవాళ్లు మాటిమాటికీ ఒంటికి పోతారు కదా. భాయ్ కూడా రొట్టె తిన్న కాసేపటికి లేచి పోయి, వేలు గుచ్చే వేళకు వచ్చేవాడు, డాక్టరమ్మ ఏమీ అనేది కాదు. ఆయన పోయిన తర్వాత వెనక దుకాణంలోంచి సుత్తి చప్పుడు వచ్చేది. అది మాకు గాలి చప్పుడు లాంటిది, ఎవరు పట్టించుకుంటారు. ఆయన తమ్ముడు కొడుతున్నాడనుకునేవాళ్లం. ఒకరోజు మనిషి తక్కువైతే షుగర్ లేనివాళ్ల వరసలో ఆ తమ్ముణ్ణే కూర్చోబెట్టారు. భాయ్ మామూలుగా లేచి పోయాడు. గోడ వెనక ధప్ ధప్ మొదలైంది. డాక్టరమ్మ రాసుకుంటూ ఆగి, తలెత్తి తమ్ముడి వైపు చూసింది.

“మీరు ఇక్కడున్నారు. అక్కడ కొడుతున్నది ఎవరు?”

తమ్ముడు మొహం పక్కకు తిప్పాడు. ఆ అలవాటు ఆ ఇంట్లో అందరిదీ.

ఆమె లేచి నేరుగా దుకాణానికి పోయింది. నేనూ వెనక పోయాను. తలుపు తోస్తే భాయ్ చొక్కా విప్పి, చలికాలం పొద్దున చెమటలు కారుతూ, పెద్ద సుత్తితో కొడుతున్నాడు. మమ్మల్ని చూసి సుత్తి దించాడు కానీ దొంగలా చూడలేదు. కూర్చోమని తన పీట జరిపాడు. ఈ పని చేస్తున్నంతసేపు నీకు షుగర్ దిగుతుందని దవాఖానలో ఎప్పుడో చెప్పారట. ఆయన అది గుర్తుపెట్టుకున్నాడు.

“ఎందుకు చేశారు భాయ్ గారూ?”

“ఈమె రొట్టె తిన్న గదా. ఉప్పు తిన్న ఇంటి మీద గవాహీ ఎట్ల ఇస్త? నోరైనా అంతే, రక్తమైనా అంతే.”

గవాహీ అంటే సాక్ష్యం. ఆయన లెక్క అది. ఆ గదిలో ఆయన వేలు గుచ్చుతున్నారంటే నా మీద సాక్ష్యం అడుగుతున్నారని అర్థం. ఏళ్లుగా నా చేతి తిండి తిన్నవాడు నాకు వ్యతిరేకంగా చెప్తే మనిషి కాడు. కోర్టులో అయినా ఆయన అలాగే చేసేవాడు. తప్పు చేస్తున్నానని ఆయనకు తోచనే లేదు.

డాక్టరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ, ఇన్నాళ్ల పని నీళ్లలో పోయిందని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

“భాయ్ గారూ, మీ ఒక్కరి గురించి అయితే ఫర్వాలేదు. ఈ రొట్టె తింటే షుగర్ లేవదని నేను రాస్తాను. దవాఖానలో ఎవరో ఒకామె అది నమ్మి, మందులు మానేసి, ఇదే తింటూ కూర్చుంటుంది. ఆమె కాలికి ఏమైనా అయితే ఎవరు చూస్తారు?”

ఆమెకు భాభీ సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. తెలిసి అన్న మాట కాదు కాబట్టే అది అంత లోపలికి పోయింది. బజారులో పొడి డబ్బా పక్కన నిలబడి ఒట్టు పెట్టినవాడికి ఏమొచ్చిందని అన్నేళ్లు అడిగిన మనిషి. ఆ పక్కన నిలబడింది ఇప్పుడు తానే. సుత్తిని బండ మీద పెట్టి, చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకోవడం మరిచిపోయి బయటికి పోయాడు.

డాక్టరమ్మ ఇంక రాదనుకున్నాను. వచ్చింది. అందరికీ మళ్లీ మొదటి నుంచి పరీక్ష పెట్టింది. భాయ్‌ని పిలవలేదు. ఆయనే వచ్చాడు. గడ్డం దువ్వుకుని, శుక్రవారం వేసుకునే కుర్తా వేసుకుని వచ్చి, తలుపుకు అందరికంటే దూరంగా, మూలన కూర్చున్నాడు. నా పరీక్ష గుడ తీసుకో అమ్మా, ఈసారి ఒంటికి గుడ పోను అన్నాడు. రొట్టె తిన్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వేళ్లు ఊరికే ఉండవు, ఎక్కడ కూర్చున్నా సుత్తి వరసలో తట్టుకుంటూ ఉంటాయి, వాటిని అలా నొక్కిపెట్టుకున్నాడు. మధ్యమధ్యలో ఒక చెయ్యి తీసి వేలు ఇచ్చేవాడు, మళ్లీ దాచుకునేవాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

చక్కెర లేచింది. అన్నమంత కాదు. కానీ లేచింది.

డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే ఆయన మొహం పక్కకు తిప్పాడు. నవ్వు రాలేదు, దగ్గు రాలేదు. అలాగే గోడ వైపు ఉండిపోయాడు. అందరూ పోయేదాకా.

ఆమె ఉన్నది ఉన్నట్టు రాసింది. జొన్నరొట్టె అన్నం కంటే మేలు, మందు మాత్రం కాదు, మితంగా తినాలి, తిన్నాక ఒళ్లు కదలాలి అని. నాకు చదివి వినిపించింది. దవాఖానవాళ్లు విని, ఆ మాత్రానికి కొత్త మనిషి ఎందుకు, గోధుమ రొట్టెలు ఎలాగూ వస్తున్నాయి కదా అన్నారట. నా రొట్టెలు తీసుకోలేదు. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. రెండు రోజులు పిండి కలపబుద్ధి కాలేదు. తప్పు డాక్టరమ్మది కాదు, భాయ్‌ది కూడా కాదు. రొట్టెది అసలే కాదు. అది పాపం మా అమ్మ చేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, మేమే దాని నెత్తిన కిరీటం పెట్టాం.

భాయ్ రొట్టెకు రావడం మానేశాడు. సుత్తి చప్పుడు వినపడుతుంది, మనిషి కనపడడు. నా గుమ్మం ముందు నుంచి పోకుండా వెనక సందులోంచి చుట్టూ తిరిగి మసీదుకు పోతున్నాడని తెలిసింది. నాకు కోపం వచ్చింది. పెనం మీంచి దింపిన రొట్టె, దాని మీద ఎల్లిపాయ కారం వేసుకుని నేనే దుకాణానికి పోయి తలుపు కొట్టాను.

ఆయన రొట్టె వైపు చూసి తల దించుకున్నాడు.

“మాఫ్ చెయ్యి చెల్లె. నా రక్తం నీ మీద గవాహీ ఇచ్చింది.”

“నిజం చెప్పింది, మంచిగ చేసింది. నా రొట్టెను నమ్మి ఇంకో భాభీ కాలు పోతే నేను బతుకుదునా?” అన్నాను. “ఇంకో మాట భాయ్. ఉప్పు తిన్న, ఉప్పు తిన్న అంటవ్. జొన్నరొట్టెల ఉప్పు ఎవరేస్తరు? నేను ఎన్నడన్న ఏసిన్నా?”

ఆయన రొట్టెను చూశాడు, నన్ను చూశాడు. ఇన్నేళ్లు తిని గమనించలేదు. నెమ్మదిగా మొహం పక్కకు తిప్పాడు, ఈసారి గోడ మీద నవ్వాడు. తర్వాత ఇటు తిరిగి, “మరి కారంల ఉంది గదా” అన్నాడు.

“పరీక్ష దినాల కారం గుడ పెట్టనియ్యలే ఆ అమ్మ.”

“అంతకు ముందు తిన్నది యాడికి పోతది?”

రొట్టె ఆయన చేతిలో పెట్టాను. అక్కడే కూర్చుని తిన్నాడు. తిన్నాక నా ముందే సంచి బండ మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి అది రోజూ పని. రొట్టె తినడం, కొట్టడం. డాక్టరమ్మ ఎప్పుడైనా ఇటు వస్తే ఆ చప్పుడు విని నవ్వుకునేది. భాయ్ గారు భోంచేశారన్నమాట అనేది.

కొన్నేళ్లకు మిషన్ రేకు వచ్చింది. మిఠాయి దుకాణాలు ఒక్కొక్కటే ఆయన్ను వదిలేశాయి. తమ్ముడు ఆటో నడుపుకోవడానికి పోయాడు. గదిలో వెండి లేదు. కానీ సాయంత్రం రొట్టె తిన్న కాసేపటికి చప్పుడు మాత్రం వచ్చేది. ఒకరోజు పోయి చూశాను. దుకాణం తలుపు బార్లా తెరిచి ఉంది. నా ఎరుకలో ఆ తలుపు పని చేసేటప్పుడు తెరిచి ఉండడం అదే మొదటిసారి. ఎగిరిపోవడానికి లోపల రేకు లేదు కదా. ఉత్త తోలు సంచిని బండ మీద పెట్టి కొడుతున్నాడు.

“ఏంది భాయ్, వట్టి సంచి కొడ్తున్నవ్?”

“అప్పుడు తలుపు మూసి కొట్టి నీ రొట్టెను బద్నామ్ చేసిన. ఇప్పుడు తలుపు తెరిచి కొడ్తున్న. గల్లీ అంత ఇననీ. ఇది చోరీ గాదు చెల్లె.”

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం నిద్రలో పోయాడు. కబురు తెలిసి పోయాను. భాభీని పడుకోబెట్టిన రోజు తెల్లగుడ్డ ఒక పక్క మోకాలి కింద చదునుగా ఉంది, ఆ చదును మీద నుంచి నా కన్ను ఎంతకీ మళ్లలేదు. ఈయనకు కప్పిన గుడ్డ కింద రెండు పాదాలూ పక్కపక్కన లేచి ఉన్నాయి. అవి చూశాక నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.